గుడ్లు అమ్మకండి: కోళ్లు పెంచేవారికి కొన్ని ఎదురు సలహాలు

గుడ్ల మీద లాభం కావాలంటే గుడ్లు అమ్మకండి. ములుగు జిల్లాలో కోళ్లు పెట్టుకుని నాలుగు రూపాయలు చూద్దామనుకునే వాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. శిక్షణ తరగతుల్లో చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురు. అక్కడ షెడ్డు కొలతలు చెబుతారు, ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడి బొమ్మ చూపిస్తారు, 500 కోళ్లతో నెలకు ఇంత మిగులుతుందని బోర్డు మీద లెక్క వేస్తారు. ఆ లెక్కను ఇంటికి తీసుకొచ్చి మన మేత ధరతో, మన దారి ఖర్చుతో మళ్లీ వేసి చూడాలి.

గుడ్లు పెట్టే ఫారం కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. 500 కోళ్లకు 55 కిలోలు. కిలో 30 రూపాయలు అనుకుంటే రోజుకు 1,650. నూటికి 82 చొప్పున గుడ్లు పడ్డాయనుకుందాం, అది మంచి రోజే, 410 గుడ్లు. అంటే ఒక్క మేతకే గుడ్డుకు నాలుగు రూపాయలు దాటింది. పిల్లను తెచ్చిన రోజు నుంచి మొదటి గుడ్డు పడేదాకా పద్దెనిమిది, ఇరవై వారాలు అవి ఊరికే తిన్న మేత ఇందులో లేదు. టీకాలు, కరెంటు, చచ్చిన కోళ్లు, పగిలిన గుడ్లు, బండి కిరాయి లేవు. ములుగు నుంచి హనుమకొండకు యాభై కిలోమీటర్లు, ఏటూరునాగారం నుంచైతే దానికి రెట్టింపు. అట్టకు ముప్పై గుడ్ల చొప్పున పదమూడు అట్టలు పట్టుకుని ఆ దారిన పోయి వస్తే మిగిలేది చేతి ఖర్చులకు కూడా చాలదు.

పైగా ధర మీ చేతిలో ఉండదు. రోజూ పొద్దున ఫోన్లలో తిరిగే నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రేటే ధర. ఆ కమిటీ వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి.రావు గారి చొరవతో 1982లో ఏర్పడింది. అంతకుముందు ధర వ్యాపారి చెప్పేవాడు, రైతు తల ఊపేవాడు. రైతే తన గుడ్డుకు ధర చెప్పుకోవాలని రావు గారు ఊరూరూ తిరిగి రైతులను ఒకచోట చేర్చారు. దాన్ని నేను గొప్ప పనిగానే చూస్తాను. కానీ లక్ష కోళ్లున్న ఫారం మక్కలు లారీల లెక్కన కొంటుంది, మేత సొంత మిల్లులో ఆడించుకుంటుంది, గుడ్డుకు పావలా మిగిలినా నిలబడుతుంది. ఐదు వందల కోళ్ల ఇంటికి ఆ పావలాతో పొయ్యి వెలగదు. చలికాలంలో ఆరు రూపాయలు దాటిన రేటు ఎండాకాలానికి నాలుగు దగ్గరికి జారుతుంది. శ్రావణంలో, కార్తీకంలో తినేవాళ్లు తగ్గుతారు. కోళ్లకు ఆ నెల మేత ఆపలేం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, రోగం జాడ లేని ఊళ్లలో కూడా జనం భయపడి గుడ్లు, చికెన్ మానేశారు. అలాంటి నెలలు రెండు వస్తే బ్యాంకు కిస్తీ ఆగదు, చిన్న ఫారం ఆగిపోతుంది.

కాబట్టి నాటుకోడిని పెట్టుకోండి. అది పెట్టిన గుడ్డును దానికే ఇచ్చేయండి.

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. దాన్ని అందరూ లోపంగా చెబుతారు. పదిహేను, ఇరవై గుడ్లు పెట్టాక అది గూట్లోనే కూర్చుండిపోతుంది, ఈకలు విప్పుకుని గుర్రుమంటుంది, గుడ్లు మానేస్తుంది. ఇదీ లోపమేనట. పొదుగు మానిపించాలని నీళ్లలో ముంచుతారు, ముక్కులో ఈక గుచ్చుతారు, కాలికి తాడు కట్టి ఎండలో పడేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కరెంటు అవసరం లేని, చెడిపోని, ఇరవై ఒక్క రోజులు వేడి తప్పకుండా కాపాడే పొదుగు యంత్రం మీ ఇంట్లో ఉంది. పిల్లలు వచ్చాక మేత వెతకడం నేర్పేదీ, గద్ద నీడ పడగానే రెక్కల కింద దాచేదీ అదే. ఫారం కోడికి ఈ గుణాన్ని తరాల తరబడి ఏరివేత చేసి పోగొట్టారు.

ఇప్పుడు లెక్క. పెట్ట గుడ్లు పెట్టడం, పొదగడం, పిల్లలను సాకడం అన్నీ కలిపి సుమారు నాలుగు నెలలు. ఏడాదికి మూడు పొదుగులు. గుడ్లన్నీ అమ్మితే, 60 గుడ్లు, గుడ్డు 12 రూపాయలు, 720. అంతే, ఏడాది మొత్తానికి. పొదిగిస్తే, విడతకు 12 గుడ్ల చొప్పున 36 పెడతాం. నూటికి ఎనభై లెక్కన 29 పిల్లలు వస్తాయి. పెరట్లో వదిలేసిన పిల్లల్లో సగం పోతాయనే అనుకుందాం, 14 మిగులుతాయి. ఆరేడు నెలలకు ఒక్కోటి 400 లెక్కన అమ్మినా 5,600. వాటికి రోజుకు ముప్పై గ్రాముల చొప్పున ఆరు నెలలు నూకలు వేస్తే 75 కిలోల పైచిలుకు, కిలో 25 అనుకుంటే 1,900. చేతిలో 3,700. పొదుగుకు పెట్టని గుడ్లు ఎలాగూ మీవే. ధరలు ఊరిని బట్టి మారతాయి, మీ ఊరి ధరలు పెట్టి మీరే వేసుకోండి. ఎలా వేసినా గుడ్డు వైపు త్రాసు వంగదు.

ఈ లెక్కలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ పోయిన పదిహేను పిల్లలు. ఒక పిల్లను గద్ద నుంచి కాపాడితే 400 రూపాయలు. అది ఒక అట్ట నాటుగుడ్లు అమ్మినదానికన్నా ఎక్కువ. అంటే గుడ్లు పెంచడానికి పడే శ్రమంతా పిల్లలను నిలబెట్టడం మీద పడాలి. ఇంకో ఐదు పిల్లలు బతికితే పెట్ట ఏడాదంతా పెట్టే గుడ్ల విలువకు రెండున్నర రెట్లు పైగా వచ్చినట్టే.

అందుకని మొదటి పదిహేను, ఇరవై రోజులు పిల్లలను వదలకండి. కోడి తిరగాలి, పిల్లలు తిరగాలి, పురుగు తినాలి అని పెద్దవాళ్లంటారు. నిజమే, కానీ ఆ ఇరవై రోజులు ఆగండి. పెద్ద వెదురు గంప బోర్లించి తల్లినీ పిల్లలనూ అందులోనే ఉంచండి, పొద్దున, సాయంత్రం మీరు దగ్గరుండి కాసేపు వదలండి. అడవి అంచు ఊళ్లలో, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు, గద్దతో పాటు ముంగిస, అడవిపిల్లి, పాము కూడా ఉంటాయి. గంప మీద బరువు రాయి పెట్టడం మర్చిపోకండి. లోపల చిన్న పళ్లెంలో నీళ్లు పెట్టి నాలుగు గులకరాళ్లు వేయండి, పిల్లలు మునిగి చావవు. మేతకు నూకలు, తవుడు సరే, వాటితో ఒళ్లు రాదు. చెదలు పెట్టండి. పాత కుండలో ఎండు పేడ, గడ్డి, తడి గోనెముక్క కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. గంప పక్కన దులిపితే చాలు. ఆ మాంసకృత్తుల కోసం ఫారాలవాళ్లు సోయాచెక్క కొంటారు. మన చేల గట్ల మీద అవి ఉచితంగా పుడతాయి.

గుడ్లను దాచే తీరు కూడా మార్చండి. పదిహేను రోజులుగా పోగేసిన గుడ్లన్నీ పెట్ట కింద పెడతారు. ముందు పెట్టినవి అప్పటికే పాతబడి ఉంటాయి. ప్రతి గుడ్డు మీద బొగ్గుతో తేదీ వేయండి, వారం దాటనివి, వేరే పెట్టలవైనా సరే, పొదుగుకు, దాటినవి కూరకు. ఇసుక తడిపి దాని మీద కుండ పెట్టి గుడ్లు అందులో ఉంచితే చల్లగా ఉంటాయి. పొదిగేసిన ఏడో రోజు రాత్రి ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉంది, తేటగా ఉంటే తీసేయండి. గూట్లో గడ్డి కింద బూడిద, వేపాకు వేయండి, పేలు పడితే పెట్ట గుడ్ల మీద నిలవదు. మే నెల ఎండల్లో మాత్రం పొదిగించవద్దు. ఆ వేడికి గుడ్డులోనే సగం పోతాయి.

ఎక్కువ గుడ్లు పెట్టే కోడిని కొనకండి. ఈ సలహా వినగానే పశువైద్యులు ముఖం చిట్లిస్తారని తెలుసు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన గ్రామప్రియ మంచి కోడి, పెరట్లో తిరుగుతూ కూడా ఏడాదికి 150కి పైగా గుడ్లు పెట్టగలదు. వనరాజా తొందరగా బరువు పెరుగుతుంది. కానీ రెండూ సరిగా పొదగవు. వాటి గుడ్లను పొదిగించినా వచ్చే పిల్లలకు ఆ గుణాలు నిలవవు. ప్రతిసారీ పిల్లలను కొనాల్సిందే, ఏ ఏడు అవి సమయానికి దొరక్కపోతే ఆ ఏడు పెరడు ఖాళీ. ఇంట్లో తినడానికి రెండు గ్రామప్రియలు పెట్టుకోండి. సంపాదనకు మాత్రం నాటు పెట్ట.

అవును, తినడానికి. ఇంట్లో పడిన గుడ్డు ఇంట్లోనే తినండి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. నలుగురున్న ఇంటికి 720. ఐదు నాటు పెట్టల మిగులు గుడ్లు, రెండు గ్రామప్రియల గుడ్లు కలిపినా అందులో సగం పైచిలుకు దగ్గరే ఆగుతాయి. అంటే అమ్మడానికి మిగిలేదేమీ లేదు. నాటుగుడ్డు పన్నెండుకు అమ్మి ఫారం గుడ్లు రెండు కొనుక్కోవచ్చు కదా అని లెక్క తెలిసినవాళ్లు అడుగుతారు. కాగితం మీద అది సరైనదే. ఆ పన్నెండు రూపాయలు మాత్రం గుడ్లయి ఇంటికి తిరిగి రావు, బిస్కెట్ పొట్లమై వస్తాయి. 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో రోజూ గుడ్డు పెడుతున్నారు. అంటే ఈ జిల్లా తల్లులకు గుడ్డు ఎంత అవసరమో ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాంటి చోట పెరటి గుడ్డును సంతకు పంపి ఇంట్లో పిల్లలకు చారన్నం పెట్టడం నాకు మింగుడు పడదు.

షెడ్డు కట్టకండి. రేకుల షెడ్డు మన ఎండకు కొలిమి అవుతుంది. అప్పు చేసి కట్టిన షెడ్డు కోళ్లు లేకున్నా వడ్డీ అడుగుతుంది. రాత్రికి ముంగిస దూరని కొయ్య గూడు, నేలకు మోకాలెత్తున, చాలు. చెట్ల మీద పడుకునే అలవాటున్న కోళ్లను కూడా మెల్లగా గూటికి మళ్లించండి.

ఐదు పెట్టలు, ఒక పుంజు దాటించకండి. వాకిట్లో రాలిన గింజ, పెంటకుప్పలో పురుగు, చేని గట్టు మీద మిడత, ఇవన్నీ ఒక ఇంటి చుట్టూ కొంతే ఉంటాయి. ఐదు పెట్టలకు ఏడాదిలో డెబ్బై పిల్లలు చేతికొస్తాయి, ఎప్పుడు చూసినా ముప్పై, నలభై తిరుగుతుంటాయి. అంతకు మించితే మేతంతా కొనాల్సి వస్తుంది, కొన్న మేతతో నాటుకోడిని సాకితే మనం వదిలేసి వచ్చిన ఫారం లెక్కలోకే మళ్లీ పోతాం. పెరగాలనిపిస్తే ఇంకో ఇంటికి పెట్టలను పాలుకు ఇవ్వండి. మేకలను ఇచ్చినట్టే, పుట్టిన పిల్లల్లో సగం వాళ్లవి, సగం మీవి. రోగం వచ్చినా కోళ్లన్నీ ఒకే గూట్లో ఉండవు. డబ్బు ఒక్క రూపాయి పెట్టకుండా మంద పెరిగే దారి ఇదొక్కటే.

ఈ సలహాలన్నిటిలో శిక్షణ తరగతితో నేను అక్షరాలా ఏకీభవించేది టీకా విషయంలో. కొక్కెర తెగులు ఒక్కసారి ఊళ్లోకి వస్తే వారంలో గూళ్లన్నీ ఖాళీ. పచ్చని రెట్ట, మెడ తిప్పుకోవడం, మూలుగు, అప్పటికి చేసేదేమీ ఉండదు. లసోటా మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. ఎనిమిదో వారం దాటాక రెక్క కింద ఆర్-2-బి సూది. ఖరీదు ఎక్కువ కాదు. చిక్కు ఎక్కడంటే సీసాలో వంద డోసులకు తక్కువ ఉండవు, ఒకసారి కలిపితే రెండు గంటల్లో అయిపోవాలి, అప్పటిదాకా మంచులో ఉండాలి. ఐదు కోళ్ల ఇల్లు ఒక్కటే సీసా కొనలేదు, కొన్నా మిగతాది పారబోయాలి. పక్కింటి కోళ్లకు వేయకపోతే మీ కోళ్లకు వేసినదీ సగం వృథానే. ఇది ఒంటరిగా చేసే పని కాదు. మహిళా సంఘం సమావేశంలో పొదుపు డబ్బు లెక్క అయ్యాక టీకా రోజు ఖాయం చేసుకోండి. తెల్లవారుజామున గూళ్లు తెరవకముందే మొదలుపెడితే సూర్యుడు పైకొచ్చేసరికి వాడంతా అయిపోతుంది. పశుమిత్రను పిలవండి, థర్మాస్‌లో మంచు తెప్పించండి. నన్నడిగితే, ఊళ్లో ఏ కొత్త యూనిట్ మంజూరయిందని అడిగే ముందు ఈ ఒక్క పని జరుగుతోందా అని అడగాలి.

మంజూర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2021లో మార్చిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో కోళ్లకు సగం రాయితీ, 25 లక్షల దాకా, ఇస్తున్నది తల్లి కోళ్లకు, హేచరీకి, పిల్లలను నాలుగు వారాలు సాకి ఇచ్చే మదర్ యూనిట్‌కు. ఢిల్లీలో పథకం రాసినవాళ్లు కూడా డబ్బును పిల్లల దగ్గరే పెట్టారు. మహిళా సంఘం ఏదైనా పెద్దగా చేయాలనుకుంటే లేయర్ షెడ్డు అడక్కండి. నాటు జాతితో మదర్ యూనిట్ అడగండి. గద్ద ఎత్తుకుపోయే ఆ మొదటి నెల దాటించిన పిల్లలను చుట్టుపక్కల పది ఊళ్లకు అమ్మవచ్చు.

సంఘం అన్నాను కనుక, కోళ్ల డబ్బు ఆడవాళ్ల చేతి నుంచి జారనివ్వకండి. ఐదు కోళ్లున్నంత కాలం అవి అమ్మవి. గూడు మూసేది అమ్మ, అమ్మేది అమ్మ, చీర కొంగున ముడివేసేది అమ్మ. ఐదు వందలైన రోజు అవి ‘ఫారం’ అవుతాయి. సంతకం నాన్నది, బ్యాంకు ఖాతా నాన్నది, రెట్ట ఎత్తే పని మాత్రం అమ్మదే. లోకంలో చాలాచోట్ల కోళ్ల పథకాలు ఇలాగే చేతులు మారాయి. చిన్నగా ఉండమని నేను అంత గట్టిగా చెప్పడానికి సగం కారణం ఇదే. ఒక కోయ పెద్దామెను కొడుకు ‘కోళ్లన్నీ ఒక్కసారే అమ్మి బండి కొందామా అవ్వా’ అని అడిగితే, ఆమె తల ఎత్తకుండానే ‘బండి గుడ్డు పెడ్తదా బిడ్డా’ అంది. ఆ ఇంట్లో కోళ్లు ఇప్పటికీ ఆమెవే.

చివరిగా అమ్మకం. వరంగల్ మార్కెట్‌కు పోకండి, మార్కెట్ మీ గుమ్మం ముందుకు వస్తుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. బెల్లంతో పాటు ఎదురుకోళ్లు సమ్మక్క, సారలమ్మల మొక్కు. ఆ దారుల్లో, జంగాలపల్లి నుంచి పస్రా, తాడ్వాయి దాకా, నాటుకోడికి అప్పుడు చెప్పిందే ధర. ఆ కోళ్లలో చాలా భాగం బయటి నుంచి లారీల్లో వస్తాయి. జిల్లా కోళ్లకు దక్కాల్సిన డబ్బు అది. 2026 తర్వాతి జాతర 2028లో. దానికి కోడి కావాలంటే 2027 చలికాలం చివర్లో పొదిగించిన పిల్లలతో మొదలుపెట్టాలి. వానాకాలం పిల్లలను నమ్ముకోకండి, తడికి సగం పోతాయి, మిగిలినవి జాతర నాటికి పూర్తిగా ఎదగవు. చలికాలం చివర పుట్టిన పుంజు వచ్చే మాఘానికి ఏడాది దగ్గరపడి బాగా బరువెక్కుతుంది. మధ్యలో దసరా, పెద్దల అమావాస్య, ఊరి దేవతల కొలుపులు ఉంటాయి, ఒకటీ రెండూ వాటికి అమ్ముకోండి. శ్రావణంలో ఎవరడిగినా అమ్మకండి, ఆగండి.

మొదలుపెట్టేవాళ్లు సంతలో కోడి కొనకండి. ఊళ్లో తెగులు మొదలవగానే జనం ముందు చేసే పని ఉన్న కోళ్లను సంతకు పంపడం. రోగం మీ ఇంటికి మీ డబ్బుతోనే వస్తుంది. తెలిసిన ఇంటికి పోండి, పిల్లలతో తిరుగుతున్న పెట్టలను చూడండి, ఎక్కువ పిల్లలను నిలబెట్టినదాని కూతురును అడగండి, ధర కొంచెం ఎక్కువైనా ఇవ్వండి. తెచ్చాక పదిహేను రోజులు వేరే గంప కింద ఉంచండి. పుంజును మాత్రం ఆ ఇంటి నుంచి, ఆ ఊరి నుంచి తీసుకోకండి. వేరే ఊరి నుంచి తెచ్చుకోండి, ఏడాదిన్నరకు మళ్లీ మార్చండి. అక్కాచెల్లెళ్ల ఊళ్లకు పోయినప్పుడు పుంజుకు పుంజు మార్చుకుంటే డబ్బు కూడా పెట్టనక్కర్లేదు.